మూలకణాల చికిత్స: ఎంత నిజం? ఎంత ఆశ?

వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు వేరే విషయం అనుకున్నాను. ఇంతలో మన హాస్టల్లో నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడైన ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మీ మరదలికి గర్భసంచి లోపలి పొర పెరగట్లేదంట. మూలకణాలు ఎక్కిస్తే పిల్లలు పుడతారని పట్నంలో చెప్పిన్రు. క్యాన్సర్ కూడా వాటితోనే నయమైతదంట. మూడు లక్షలు అడుగుతున్నరు. ఉన్న ఎకరం అమ్ముదామనుకుంటున్న" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

రైతు పండిన వడ్లన్నీ తినేయడు. కొన్ని తిండికి తీసి, కొన్ని విత్తనానికి దాస్తాడు. మూలకణం చేసేదీ అంతే. అది విభజన చెందినప్పుడు కొన్ని కణాలు రక్తకణాలుగానో చర్మకణాలుగానో మారి పనిలో పడతాయి, కొన్ని మళ్ళీ మూలకణాలుగానే మిగులుతాయి. మన ఎర్ర రక్తకణం ఆయుష్షు 120 రోజులే. పోయినవాటి స్థానంలో ఎముక మజ్జ రోజుకు సుమారు 20,000 కోట్ల కొత్త కణాలను తయారుచేస్తుంది. మజ్జలో అలాంటి మూలకణాలున్నాయని 1961లో కెనడా శాస్త్రవేత్తలు టిల్, మెక్‌కల్లక్ ఎలుకల మీద ప్రయోగాలతో చూపారు.

ఇక క్యాన్సర్ సంగతి. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. మూలకణాలు వెళ్ళి క్యాన్సర్‌ను చంపుతాయనుకుంటారు. రక్త క్యాన్సర్‌లో ముందుగా చంపే పని చేసేది తీవ్రమైన కీమోథెరపీ, కొన్నిసార్లు రేడియేషన్. ఆ దెబ్బకు క్యాన్సర్ కణాలతోపాటు రోగి మజ్జ కూడా నాశనమవుతుంది. అలా వదిలేస్తే మనిషి బతకడు. అందుకే దాత నుంచి తీసిన మూలకణాలను రక్తం ఎక్కించినట్టే నరం ద్వారా ఎక్కిస్తారు. అవి వాటంతటవే ఎముకల్లోకి దారి వెతుక్కుని, రెండు నుంచి నాలుగు వారాల్లో కొత్త రక్తం తయారుచేయడం మొదలుపెడతాయి. (నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించేది ఇదే. ఎముకలోకి సూది గుచ్చనక్కర్లేదు!) దాత కణాల నుంచి పుట్టిన రక్షణ కణాలు మిగిలిన క్యాన్సర్ కణాల మీద కూడా దాడి చేస్తాయి. అవే ఒక్కోసారి రోగి చర్మం, పేగులు, కాలేయం మీద కూడా దాడి చేస్తాయి. కొందరి ప్రాణాలు దానివల్లే పోతాయి. మైలోమా వంటి జబ్బుల్లో రోగి సొంత మూలకణాలనే ముందుగా తీసి దాచి, కీమో తరువాత తిరిగి ఎక్కిస్తారు.

ఈ విధానానికి దారి వేసిన అమెరికా వైద్యుడు డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో 1983లో ముంబయి టాటా మెమోరియల్‌లో ఇది మొదలైంది. తోబుట్టువు కణాలు పూర్తిగా సరిపోయే అవకాశం ఒక్కొక్కరితో నాలుగింట ఒకటి మాత్రమే. ఇంట్లో ఎవరివీ కుదరకపోతే దాతల రిజిస్ట్రీలో వెతుకుతారు. 18 నిండినవారు బుగ్గ లోపల దూది పుల్లతో రాసిన నమూనా ఇచ్చి అందులో పేరు నమోదు చేసుకోవచ్చు.

నిజంగా పనిచేసే ఈ చికిత్స కూడా వర్తించని చోట వాడితే ఏమవుతుందో చెప్పాలి. 1990లలో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ ఉన్న వేలమంది స్త్రీలకు భారీ కీమో ఇచ్చి, సొంత మూలకణాలు ఎక్కించారు. సరైన పరీక్ష జరగకముందే అందరూ నమ్మేశారు. 1999లో వెలువడిన పరీక్షల్లో దాదాపు అన్నీ మామూలు చికిత్స కంటే ఇదేమీ మెరుగు కాదని తేల్చాయి. మేలు జరిగిందని చెప్పింది దక్షిణాఫ్రికా వైద్యుడు బెజ్‌వోదా ఒక్కడే. 2000లో తనిఖీకి వెళ్ళినవారు అతని రికార్డులు చూస్తే మోసం బయటపడింది. ఆ స్త్రీలు పడ్డ బాధ మాత్రం నిజం.

మా తమ్ముడి భార్య సమస్యకు అషర్‌మన్ సిండ్రోమ్ అని పేరు. గర్భస్రావం తరువాత గర్భసంచిని గట్టిగా గీకి శుభ్రం చేసినప్పుడు, లేదా గర్భాశయానికి క్షయ సోకినప్పుడు లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నెలసరి తగ్గుతుంది, లేదా ఆగిపోతుంది. మన దేశంలో క్షయ ఎక్కువ కాబట్టి ఈ బాధ పడేవాళ్ళూ ఎక్కువే. పిల్లలు లేరన్న మాట పడేది మాత్రం ఆడపిల్లే. అహ్మదాబాదు వైద్యులు 2011లో ఇలాంటి ఒక స్త్రీకి ఆమె సొంత మజ్జ మూలకణాలతో చికిత్స చేస్తే పొర పెరిగి, ఐ.వి.ఎఫ్. ద్వారా గర్భం నిలిచిందని ప్రకటించారు. 2016లో స్పెయిన్‌లో 16 మంది మీద ఇలాగే చేసి చూశారు. కొందరు గర్భం దాల్చారు. అయితే పోల్చి చూడటానికి ఈ చికిత్స ఇవ్వని స్త్రీల బృందం అందులో లేదు. కాబట్టి ఫలితం మూలకణాలదే అని చెప్పలేం. నలభై ఏళ్ళలోపే అండాశయాలు పనిచేయడం మానేసినవారి మీద కూడా ప్రయోగాలు జరుగుతున్నాయి. అవీ ఇంకా ప్రయోగాలే.

అందుకే భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో గీత గీసింది. ఆమోదించిన రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి మామూలు చికిత్స. మిగిలినవి అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలి. ట్రయల్ అయితే దానికి ప్రభుత్వ రిజిస్ట్రీ నంబరు ఉంటుంది, రోగి దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు.

"ఆ నంబరు అడుగు" అన్నాను వాడితో. అడిగితే "అదంతా మీకెందుకు, ముందు అడ్వాన్సు కట్టండి" అన్నారట. తరువాత ఇద్దరూ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళారు. క్షయ పరీక్ష చేశారు, లేదని తేలింది. సన్నని గొట్టం లాంటి పరికరంతో లోపలి అతుకులు కోసి, హార్మోన్ మాత్రలు రాశారు. రెండు నెలలకు నెలసరి వచ్చిందని మొన్న చెప్పాడు. పిల్లల సంగతి ఇంకా తెలియదు. ఎకరం అలాగే ఉంది, ఈ వానాకాలం పత్తి వేశాడు.