టోకెన్ హోటల్లో అత్తాకోడళ్లు

పాకాల దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో ఒక అత్త, ఒక కోడలు. అత్తకు షుగరు జబ్బు ఉంది. కోడలు సాయంత్రం పూట చదువుల కేంద్రానికి వెళ్తుంది. మొదటి వాచకం పూర్తి చేసింది. ఇప్పుడు కూడబలుక్కుని చదవగలదు. వందలోపు లెక్కలు నోటితో చేస్తుంది. వంద దాటితే కాగితం, పెన్సిలు కావాలి.

ఆ రోజు అత్తను తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకుపోవాలి. తెల్లవారక ముందే ఇద్దరూ బస్సు ఎక్కారు.

షుగరు పరీక్షకు రక్తం రెండుసార్లు ఇవ్వాలి. మొదటిసారి పరగడుపున ఇవ్వాలి. అంతకు ముందు ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్లు మాత్రం తాగవచ్చు. తరువాత టిఫిన్ తినాలి. తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు రెండోసారి రక్తం ఇవ్వాలి.

మొదటి రక్తం ఇచ్చారు. బయటికి వచ్చారు. రోడ్డు పక్కన ఒక టిఫిన్ హోటల్ ఉంది. దోశల వాసన వస్తోంది. కోడలు అటు నడిచింది. అత్త ఆగిపోయింది.

"నాకు ఆకలి లేదు మే. నువ్వు తినేసి రా. నేను ఈడ చెట్టు కింద కూర్చుంటా" అంది.

"రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లతో ఉండావు. ఆకలి లేదంటావేంది అత్తా? తింటేనే కదా రెండో పరీక్ష?"

అత్త తల వంచుకుంది. కొంచెం సేపటికి మెల్లగా చెప్పింది.

"పోయిన నెల నేను ఒక్కదాన్నే వచ్చినా కదా. ఇట్లాంటి హోటల్లోకే పొయినా. బల్ల దగ్గర కూర్చున్నా. ఎవురూ వచ్చి ఏం కావాలని అడగలా. నా వెనకాల వచ్చినోళ్లు తినేసి పొయినారు. అర్ధగంట కూర్చున్నా. నా పాత చీర చూసి, దీని దగ్గర డబ్బులు ఉండవు అనుకున్నారేమో. లేచి వచ్చేసినా. ఏమీ తినకుండానే రెండోసారి రక్తం ఇచ్చినా. డాక్టరమ్మ చీటీ చూసి, 'తిన్నావా అమ్మా?' అనింది. తినలేదని చెప్పినా. మళ్లీ చేయించుకోమనింది. అందుకే ఈ నెల మళ్లీ రావాల్సి వచ్చింది."

కోడలికి నోట మాట రాలేదు. ఆ రోజు అత్త సాయంత్రం దాకా పస్తు ఉంది. ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు ఇద్దరి కూలీ పోయింది.

"రా అత్తా, ఈసారి నేనుండా కదా" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

గోడమీద ఒక బోర్డు ఉంది. కోడలు దాన్ని కూడబలుక్కుంది.

"సె... ల్ఫ్. సెల్ఫ్. స... ర్వీ... స్. సర్వీస్."

చదవడం అయితే చదివింది. అర్థం తెలియలేదు. అక్షరాలు తెలుగువే. మాట ఇంగ్లీషు మాట. కోడలు సిగ్గుపడలేదు. బల్లలు తుడుస్తున్న ఆడమనిషిని అడిగింది.

"అక్కా, సెల్ఫ్ సర్వీస్ అంటే ఏంది?"

"ఎవురిది వాళ్లు తెచ్చుకుని తినేదమ్మా. ముందు అదో, ఆ కౌంటర్లో డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాల. టోకెన్ వంట కౌంటర్లో ఇస్తే ప్లేటు ఇస్తారు. బల్ల దగ్గరికి ఎవురూ రారు. కలెక్టరు వచ్చినా అంతే."

అత్త ఆ మాట విన్నది. ఆమె ముఖం మారిపోయింది.

"అయితే నన్ను చూసి కాదా మే, వాళ్లు రాకపోయింది?"

"కాదత్తా. ఈడ ఎవురి దగ్గరికీ రారంట. ఆ హోటల్ గోడమీద కూడా ఈ మాటే రాసి ఉంటారు."

అత్త ఆ బోర్డు వైపు చాలాసేపు చూసింది. నెల రోజులుగా ఆమె మనసులో ఒక ముల్లు ఉంది. అది ఇప్పుడు ఊడింది.

కౌంటరు పైన ధరల పట్టిక ఉంది. కోడలు వేలు చూపిస్తూ చదివింది.

ఇడ్లీ (2) – 30
వడ (1) – 15
పొంగలి – 45
పూరి – 45
కారం దోశ – 60
టీ – 15
కాఫీ – 20

"ఇడ్లీ పక్కన 2 ఉండాది. ఒక ప్లేటుకు రెండు ఇడ్లీలు. ముప్పై రూపాయలు. నీకేం కావాల అత్తా?"

"ఇడ్లీ చాలు. చక్కెర లేని టీ."

కోడలు మనసులో లెక్క వేసుకుంది. రెండు ప్లేట్లు ఇడ్లీ, 60. ఒక వడ, 15. రెండు టీలు, 30. మొత్తం 105. కౌంటర్లో 200 రూపాయల నోటు ఇచ్చింది. కౌంటరు అబ్బాయి చీటీ, 80 రూపాయల చిల్లర ఇచ్చాడు. వెనుక చాలామంది నిలబడి ఉన్నారు. "జరగండమ్మా" అన్నారు ఎవరో.

కోడలు ఒక్క అడుగు పక్కకు జరిగింది. కౌంటరు మాత్రం వదలలేదు. చీటీ చదివింది. ఇడ్లీ 2, టీ 2 సరిగానే ఉన్నాయి. వడ దగ్గర కూడా 2 అని ఉంది.

"అన్నా, వడ ఒకటే చెప్పినా. చీటీలో రెండు ఉండాది. మాది 105 కావాల. నువ్వు 120 వేసినావు."

అబ్బాయి చీటీ చూశాడు. "పొరపాటు అయిందమ్మా" అన్నాడు. చీటీలో దిద్దాడు. మరో 15 రూపాయలు ఇచ్చాడు. 80, 15 కలిపితే 95. లెక్క సరిపోయింది.

అబ్బాయి మోసం చేయలేదు. గబగబా పని చేస్తుంటే పొరపాటు జరిగింది. అయినా చీటీ చదవకపోతే 15 రూపాయలు పోయేవి.

వంట కౌంటర్లో టోకెన్ ఇచ్చారు. వేడి ఇడ్లీ, చెనక్కాయల చట్నీ, సాంబారు ఇచ్చారు. చేతులు కడుక్కున్నారు. తినడానికి కూర్చున్నారు. కోడలు గోడ గడియారం చూసింది. 8 గంటల 10 నిమిషాలు. చీటీ వెనుక పెన్సిలుతో 8–10 అని రాసింది. దాని కింద 10–10 అని రాసింది.

"ఇదేంది?" అంది అత్త.

"ఇప్పుడు తినడం మొదలుపెట్టినాం కదా. పది గంటల పది నిమిషాలకు రక్తం ఇయ్యాల."

అత్త ఇడ్లీ తుంచుకుని చట్నీలో అద్దుకుంది. తింటూ అంది.

"కొండమీద అన్నం తినేదానికి ఈ బాధ లేదు మే. పోయి కూర్చుంటే వాళ్లే ఆకు వేసి వడ్డిస్తారు. టోకెన్ లేదు, డబ్బు లేదు. ఎన్నిసార్లు తిన్నానో."

"ఆ అన్నం తినే భవనానికి ఎవురి పేరు పెట్టినారో తెలుసా అత్తా?"

"స్వామి పేరే కదా?"

"కాదు. తరిగొండ వెంగమాంబ పేరు. మా కేంద్రంలో టీచరమ్మ చెప్పింది. ఆమె మన సీమ ఆడబిడ్డ. చిన్నప్పుడే మొగుడు పొయినాడు. ఊళ్లో వాళ్లు నానా మాటలు అన్నారంట. అయినా తిరుమలకు పొయి ఉండి, తెలుగులో పుస్తకాలు రాసింది."

"ఆడమనిషా? అన్ని మాట్లు తిన్నా, ఆ పేరు నేను చూడ్లేదే" అంది అత్త.

చూసే ఉంటుంది. చదవలేదు, అంతే.

సరిగ్గా పది గంటల పది నిమిషాలకు రెండో రక్తం ఇచ్చారు. మధ్యాహ్నం చీటీలు వచ్చాయి. ఈసారి రెండు అంకెలూ సరైనవే. డాక్టరమ్మ వాటిని చూసి మందు రాసింది. ఎప్పుడు వేసుకోవాలో చెప్పింది.

తిరుగు బస్సులో అత్త కొంగు ముడి విప్పింది. హోటల్ చీటీ తీసింది. అటు ఇటు తిప్పింది.

"మే, ఇందులో ఒకటి ఏది, రెండు ఏది?"

కోడలు వేలు పెట్టి చూపించింది. అత్త ఆ అంకెల మీద తన వేలు పెట్టింది.

"రేపు సాయంత్రం నేనూ వస్తా మీ కేంద్రానికి. అక్షరాలు తర్వాత చూద్దాం. ముందు అంకెలు చెప్పించు."

తెలుసుకుందాం

టోకెన్ హోటళ్లు కొత్తవి కావు. బెంగళూరులో 1983లో జయనగర్‌లో దర్శిని అనే హోటల్ మొదలైంది. అక్కడ డబ్బు కట్టి, చీటీ తీసుకుని, నిలబడి తినేవారు. వడ్డించే మనుషులు తక్కువ కాబట్టి ఖర్చు తక్కువ. త్వరగా తిని వెళ్లిపోవచ్చు. తరువాత అలాంటి హోటళ్లు చాలా ఊళ్లకు వచ్చాయి.

అన్న క్యాంటీన్లలో కూడా మన తిండి మనమే తెచ్చుకోవాలి. అవి 2018లో మొదలయ్యాయి. 2019లో మూతపడ్డాయి. 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. అక్కడ పూటకు 5 రూపాయలు.

తిరుమలలో నిత్య అన్నదానం 1985లో మొదలైంది. వెంగమాంబ పేరుతో కట్టిన భవనాన్ని 2011లో తెరిచారు.

ఇలా చేద్దాం

1. లోపలికి వెళ్లగానే గోడమీద బోర్డు చదవాలి. 'సెల్ఫ్ సర్వీస్' అని ఉంటే కూర్చుని ఎదురు చూడకూడదు. డబ్బు కట్టే కౌంటరు దగ్గరికి వెళ్లాలి.

2. ధరల పట్టిక చదవాలి. ప్లేటుకు ఎన్నో చూడాలి. బోర్డు ఇంగ్లీషులోనే ఉంటే, "ఇడ్లీ ఎంత?" అని అడగాలి. అంకెలు మాత్రం మనం చదవగలం.

3. డబ్బు ఇవ్వక ముందే మొత్తం ఎంతో లెక్క వేసుకోవాలి.

4. చీటీ, చిల్లర చూసుకున్న తరువాతే కౌంటరు వదలాలి. వెనుక వాళ్లు తొందర పెట్టినా పక్కకు జరిగి చూసుకోవాలి.

5. తప్పు ఉంటే మర్యాదగా చెప్పాలి. చీటీ చూపించాలి.

6. కొన్ని హోటళ్లలో ఫోనుతో డబ్బు కట్టవచ్చు. గళ్ల గళ్ల బొమ్మను ఫోనుతో చూపించిన తరువాత, హోటల్ పేరు, మొత్తం సరిగా ఉన్నాయా చూడాలి. తరువాతే పిన్ నొక్కాలి. పిన్ ఎవరికీ చెప్పకూడదు. మనం డబ్బు పంపడానికే పిన్ కావాలి. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

బిల్లులో ఇంకేం ఉంటుంది?

కొన్ని హోటళ్లలో బిల్లు కింద జి.ఎస్.టి. అని ఉంటుంది. ఇది ప్రభుత్వ పన్ను. మామూలు హోటళ్లలో 100 రూపాయలకు 5 రూపాయలు. దీన్ని రెండు భాగాలుగా, రెండున్నర చొప్పున రాస్తారు.

'సర్వీస్ ఛార్జి' అనేది పన్ను కాదు. మనల్ని అడగకుండా దాన్ని బిల్లులో కలపకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. వద్దు అని చెప్పే హక్కు మనకు ఉంది.

డబ్బు కట్టి ఏ వస్తువు కొన్నా మనం వినియోగదారులమే. అన్యాయం జరిగిందనిపిస్తే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. చీటీ మాత్రం పారేయకూడదు. అదే మనకు సాక్ష్యం.

లెక్క చేద్దాం

పైన ఉన్న ధరల పట్టిక చూడండి.

1. ఒక పూరి, రెండు కాఫీలు తీసుకుంటే ఎంత? 100 రూపాయలు ఇస్తే చిల్లర ఎంత రావాలి?

2. మూడు ప్లేట్లు ఇడ్లీ, ఒక పొంగలి తీసుకుంటే ఎంత? 150 రూపాయలు ఇస్తే చిల్లర ఎంత?

3. ఒకామె 7 గంటల 45 నిమిషాలకు టిఫిన్ మొదలుపెట్టింది. రెండో రక్తం ఎన్ని గంటలకు ఇవ్వాలి?

జవాబులు: 1. 85 రూపాయలు, చిల్లర 15. 2. 135 రూపాయలు, చిల్లర 15. 3. 9 గంటల 45 నిమిషాలకు.

మాట్లాడుకుందాం

1. అత్త పోయిన నెల ఎందుకు పస్తు ఉంది? ఆ సంగతి ఇంట్లో ఎందుకు చెప్పలేదు?

2. కోడలు బోర్డు చదివింది. అర్థం తెలియలేదు. అప్పుడు ఏం చేసింది? మీరైతే ఏం చేస్తారు?

3. మీరు పట్నం వెళ్లినప్పుడు ఎక్కడైనా అడగడానికి జంకారా? ఎక్కడ? ఆ తావ బోర్డు మీద ఏం రాసి ఉందో ఇప్పుడు చదవగలరా?

4. ఈసారి పట్నం వెళ్లినప్పుడు ఒక బిల్లు చీటీ దాచి తీసుకురండి. కేంద్రంలో అందరూ కలిసి చదవండి.