నొప్పి చెప్పే మాట

ఆదివారం జట్టు ఎంపిక. గురువారం సాయంత్రం కబడ్డీ ఆడుతుండగా కాలు మెలికపడి చీలమండ వాచింది. ఇంట్లో చెబితే ఆట మాన్పిస్తారని కుర్రవాడు చెప్పడు. మందుల దుకాణంలో రెండు మాత్రలు కొని మింగుతాడు; నొప్పి తెలియకపోవడంతో కాలు బాగుపడిందనుకొని బరిలోకి దిగుతాడు. మన వార్డు మైదానాలలో ఇది అరుదైన సంగతి కాదు. నొప్పి తగ్గడం వేరు, గాయం మానడం వేరు. ఈ భేదాన్ని తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో పి.వి. సింధు బ్యాడ్మింటన్ మహిళల సింగిల్స్ స్వర్ణం గెలిచారు. క్వార్టర్ ఫైనల్ నాడే ఆమెకు నొప్పి మొదలైంది. శిక్షకుడు, ఫిజియోథెరపిస్టు తోడుగా ఉండగా పోటీ ముగించి, హైదరాబాదు చేరాక ఎం.ఆర్.ఐ. పరీక్ష చేయించుకున్నారు. ఎడమ పాదపు ఎముకలో సన్నని చీలిక బయటపడింది. అదే నెలలో జరిగిన ప్రపంచ పోటీలను వదులుకొని, 2023 జనవరిలో తిరిగి ఆట మొదలుపెట్టారు. ఆ పతకంతోపాటు ఆ విశ్రాంతిని గురించి కూడా మన పిల్లలకు చెప్పాలి.

నొప్పులన్నీ ఒకటి కావు. చాలాకాలం తరువాత పరుగెత్తినవారికి మరునాడు తొడలు సలుపుతాయి. ఆ సలుపు కండరమంతటా వ్యాపించి ఉంటుంది. ఒకటి రెండు రోజులు పెరిగి తనంతట తగ్గిపోతుంది. దానికి భయపడనక్కరలేదు. వేలితో చూపగలిగేటట్లు ఒకేచోట నిలిచిన నొప్పి, వాపుతో కూడిన నొప్పి, ఆడేకొద్దీ పెరిగే నొప్పి, రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి మాత్రం గాయానికి సూచనలు.

చీలమండ బెణికిందంటే, ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంటు సాగిందనో కొంత చిరిగిందనో అర్థం. వెంటనే ఆట ఆపాలి. గుడ్డలో చుట్టిన మంచును 15 నుంచి 20 నిమిషాలు ఉంచి తీసివేయాలి. రోజుకు మూడు నాలుగు సార్లు ఇలా చేయవచ్చు. మంచు నొప్పిని తగ్గిస్తుంది గాని చిరిగినదానిని అతకదు. సాగే పట్టీని మరీ బిగించకుండా చుట్టి, పాదాన్ని దిండ్లపై ఎత్తుగా ఉంచాలి. మొదటి రెండు రోజులు కాపడం, గట్టి మర్దన, మద్యం వద్దు. ఇవి వాపును పెంచవచ్చు.

ఎక్స్‌రే అవసరమా, కాదా? దీనికి కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో తేలికైన సూత్రాలను ప్రకటించారు. వాటి సారాంశం ఇది: చీలమండకు ఇరువైపులా ఉన్న ఎముక గుబ్బల వెనుక అంచును గాని కొసను గాని నొక్కినప్పుడు నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. ఎదిగే పిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. వారి ఎముకల చివర ఉండే ఎదుగుదల భాగం లిగమెంటు కన్న మెత్తనిది. పెద్దలకు బెణుకయ్యే దెబ్బ పిల్లలకు విరుపు కావచ్చు.

పుత్తూరు కట్టు అనే బోర్డులు బెంగళూరు వీధులలో మనకు కనిపిస్తూనే ఉంటాయి. మన సీమలోని ఊరి పేరు చూడగానే నమ్మకం కలగడం సహజం. అయినా ఎక్స్‌రే చూడకుండా విరుపో బెణుకో తేల్చడం కష్టం. కట్టు ఎవరు కట్టినా, వేళ్లు చల్లబడినా, నీలిరంగుకు మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి అంతకంతకు పెరుగుతున్నా వెంటనే దానిని వదులుచేసి ఆస్పత్రికి వెళ్లాలి. రక్తప్రసారం కొన్ని గంటలు ఆగితే కాలికే ముప్పు.

ఇక మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి వైద్యుని సలహాతో కొద్దిరోజులు వాడదగినవే. పరగడుపున మింగితే కడుపులో పుండ్లు రావచ్చు. ఎండలో ఆడి ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాడితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఒకే మందు వేర్వేరు పేర్లతో అమ్ముడవుతుంది కనుక రెండు పేర్ల మాత్రలు కలిపి వేసుకోకూడదు. జిల్లా, రాష్ట్ర పోటీలలో ఆడేవారు మరొకటి గమనించాలి: ట్రమడాల్ అనే నొప్పి మందు 2024 జనవరి 1 నుంచి పోటీ సమయంలో నిషిద్ధం. ఆడగలగడం కోసమే మాత్ర వేసుకోవలసి వస్తే, ఆ రోజు ఆడకూడదనే అర్థం.

తిరిగి ఆడడం మెట్లు ఎక్కడం వంటిది. మొదట నొప్పి లేకుండా నడవాలి. తరువాత గాయపడిన కాలిమీద, మంచి కాలిమీద నిలిచినంత సేపు నిలవాలి. ఆపైన తిన్నగా పరుగు, ఆ తరువాతనే మలుపులు, దూకుళ్లు, చివరకు ఆట. ఏ మెట్టుమీద నొప్పిగాని వాపుగాని తిరిగి వస్తే ఒక మెట్టు దిగాలి. ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ బెణికే అవకాశం ఎక్కువ. ఒంటికాలిపై నిలిచే సాధన ఆ ప్రమాదాన్ని తగ్గిస్తుంది.

ఆస్పత్రిలో భాష అడ్డం కాకూడదు. కన్నడంలో నొప్పిని ‘నోవు’ అని, వాపును ‘ఊత’ అని, బెణుకును ‘ఉళుకు’ అని అంటారు. ఎప్పుడు, ఎలా దెబ్బ తగిలింది, అప్పుడు అడుగు వేయగలిగారా, ఏ మాత్రలు వేసుకొన్నారు అనే నాలుగు సంగతులు తప్పక చెప్పండి. జయనగరలోని సంజయ్ గాంధీ ప్రమాద చికిత్సా సంస్థ ఎముకల వైద్యానికే ఏర్పడిన ప్రభుత్వ సంస్థ. కదల్చలేని స్థితిలో 108కి ఫోన్ చేయండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. నిలబడి పనిచేసి బ్రతికే ఇళ్లలో కాలి విలువ మీకు తెలియనిది కాదు. ‘నొప్పిగా ఉంది’ అని పిల్లవాడు చెప్పిన రోజున కోపగించకండి. ఈ రోజు కోపగించుకొంటే రేపు వాడు నొప్పిని దాచుకొంటాడు.