కారు ఒరుగుడును ఆపు కడ్డీ: ఎన్నికకు ముందు ఒక లెక్క

విద్యార్థులారా! వేగముగా పోవు బస్సు మలుపు తిరుగునపుడు మనము వెలుపలి ప్రక్కకు ఒరుగుట అందఱకును అనుభవమే. కారు దేహమును అట్లే ఒరుగును. ఈ ఒరుగుడును తగ్గించుటకై కారు అడుగున అమర్చు ఉక్కు కడ్డీని స్టెబిలైజర్ బార్ అనియు, స్వే బార్ అనియు వ్యవహరింతురు. కెనడా దేశమున ఫ్రెడరిక్టన్ పట్టణమునకు చెందిన స్టీఫెన్ కోల్‌మన్ 1919లో ఇట్టి కడ్డీకి పేటెంటు పొందెను. కంపెనీవారు అమర్చిన కడ్డీని తీసివేసి, అంతకంటె లావైన దానిని విడిగా కొని వేయించుకొనువారు నేడు కలరు. లావు పెరిగినకొలది మేలే యను తలంపు సరియైనదా? మేమీ పాఠమున విచారింపదలచినది ఇదియే.

1. కడ్డీ పనిచేయు విధము

ఈ కడ్డీ వెడల్పైన లాడమువలె వంగియుండును. దాని నడిమి భాగమును రబ్బరు బుష్షులతో కారు అడుగునకు బిగింతురు. రెండు కొనలను లింకులద్వారా కుడి యెడమ చక్రముల సస్పెన్షనుకు తగిలింతురు. రెండు చక్రములును ఒక్కమారే మిట్ట నెక్కినచో కడ్డీ బుష్షులలో ఊరక తిరుగును. దానికి పని లేదు. మలుపునందు వెలుపలి స్ప్రింగు అణగును, లోపలిది సాగును. అప్పుడు కడ్డీ కొనలలో ఒకటి పైకి, వేఱొకటి క్రిందికి పోవుటచే నడిమి భాగము పిండుచున్న తడిబట్టవలె మెలివడును. ఉక్కు ఆ మెలిని ఎదిరించును. ఆ ఎదిరింపే ఒరుగుడును తగ్గించును.

2. లావునకును బిగువునకును గల సంబంధము

ఒకే ఉక్కు, ఒకే కొలతలు గల గట్టి కడ్డీలలో బిగువు వ్యాసముయొక్క నాలుగవ ఘాతమును అనుసరించి పెరుగును. 20 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు 22 మిల్లీమీటర్లది వేసితిమనుకొందము. వ్యాసము 1.1 రెట్లాయెను. 1.1ను నాలుగు మారులు గుణించినచో 1.4641 వచ్చును. అనగా లావు నూటికి పది పెరిగినచో బిగువు నూటికి 46 పెరిగినది! 25 మిల్లీమీటర్లదైనచో బిగువు 2.44 రెట్లగును.

బోలు కడ్డీకి లోపలి రంధ్రపు లెక్కను తీసివేయవలెను. వెలుపల 24, లోపల 16 మిల్లీమీటర్లు గల బోలు కడ్డీ, 22 మిల్లీమీటర్ల గట్టి కడ్డీకంటె నూటికి 14 వంతులు బిగువుగా నుండియు, బరువులో మూడవవంతు తక్కువగా నుండును. కావున వెలుపలి లావును మాత్రమే చూచి వెల చెల్లింపరాదు.

3. ముందా? వెనుకా?

కడ్డీ తనంతట టైరులకు క్రొత్త పట్టు నీయదు. మలుపున లోపలి చక్రముపై భారము తగ్గి, వెలుపలి చక్రముపై పెరుగును. ఏ ఇరుసు కడ్డీ బిగువైనదో, ఆ ఇరుసుపై ఈ మార్పు ఎక్కువగా జరుగును. భారము రెట్టించినను టైరు పట్టు రెట్టింపు కాదు. అందుచే వెలుపలి టైరు పొందినదానికంటె లోపలి టైరు పోగొట్టుకొన్నదే అధికము. ఫలితముగా ఆ ఇరుసే ముందుగా జారుటకు మొగ్గును.

ముందు కడ్డీ మిక్కిలి బిగువైనచో, స్టీరింగు త్రిప్పినను కారు మలుపునకు వెలుపలికే పోజూచును. వెనుక కడ్డీ మిక్కిలి బిగువైనచో, వెనుక భాగము విసరుకొని కారు గిఱ్ఱున తిరుగవచ్చును. మొదటి దోషమును సామాన్య చోదకుడు వేగము తగ్గించి సరిదిద్దుకొనగలడు. రెండవదానిని వానలో, కనుమదారిలో సరిదిద్దుట నేర్పరికిని కష్టము. అందుచేతనే తయారుచేయువారు మొదటి గుణము కొంచెముండునట్లు కారును అమర్తురు.

4. ఎన్నిక

లావు సంగతి పిమ్మట. ఏ చివర లోపమున్నదో మొదట తెలిసికొనవలెను. అంతకు ముందు టైరుల అరుగుదల, గాలి, షాక్ అబ్సార్బర్లు, బుష్షులు, లింకులు పరీక్షింపవలెను. అరిగిన బుష్షును మార్చినంతనే పాత కడ్డీయే చక్కగా పనిచేయుట కలదు.

ముందు చక్రములతో నడచు హోండా సిటీ, మారుతి డిజైర్ వంటి సెడాన్లలో వెనుక నున్న అడ్డదూలమే మెలివడుచు కడ్డీ పనిని కొంత నిర్వహించును. వేఱొక కారు కడ్డీ వీనికి పనికిరాదు. ఆ కారునకే చేసినదై యుండవలెను. కారు మలుపున వెలుపలికి పోవుచుండుటయే లోపమైనచో, వెనుక బిగువును స్వల్పముగా పెంచుట తగిన మార్గము. కడ్డీ కొనయందు పెక్కు రంధ్రములున్నచో లింకును చిట్టచివరి రంధ్రమునందు, అనగా బిగువు తక్కువగు చోట, తగిలించి ఆరంభింపవలెను. రెండు చివరలను ఒక్కమారే మార్చరాదు. మార్చినచో ఏ మార్పు ఏ ఫలమిచ్చెనో తెలియదు. గతుకుల దారిలో బిగువైన కడ్డీ ఒక చక్రపు కుదుపును రెండవ ప్రక్కకును పంపునని మఱవరాదు.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. ఇంటిల్లిపాదియు ప్రయాణము చేయు కారున ఇట్టి మార్పు చేయించుటకు ముందు రవాణా కార్యాలయమును, బీమా సంస్థను అడిగి తెలిసికొనుడు. బిడ్డచేత పైలెక్క వేయించి చూడుడు. రెండు మిల్లీమీటర్లు కంటికి అల్పమే. తడిసిన మలుపులో అల్పము కాదు.

అభ్యాసము

1. 18 మిల్లీమీటర్ల గట్టి కడ్డీకి బదులు 20 మిల్లీమీటర్లది వేసినచో బిగువు ఎన్ని రెట్లగును? (జవాబు: సుమారు 1.52)
2. రెండు చక్రములు ఒక్కమారే మిట్ట నెక్కునపుడు కడ్డీ ఏల మెలివడదు?
3. వెనుక కడ్డీ బిగువు మితిమీరినచో వానలో కలుగు అపాయమును మీ మాటలలో వ్రాయుడు.