సంతకానికి ముందు అతుకు చూడండి: కుంట షీటు, వర్మీ బెడ్డు, చేపల ట్యాంకు తీసుకునే లబ్ధిదారులకు పాఠం

ఈ పాఠం ఎవరికి?

పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల్లో సబ్సిడీ మీద కుంట షీటు, వర్మీ బెడ్డు, బయోఫ్లాక్ చేపల ట్యాంకు తీసుకుంటున్న రైతులకు, మహిళా సంఘాల సభ్యులకు. ఇప్పుడు లెక్క ప్రకారం కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల వారికి. ఇప్పటికే తీసుకున్నవారికి కూడా ఇందులోని పరీక్షలు, మరమ్మతు పనికొస్తాయి.

మూడింటికీ పేర్లు వేరు, శాఖలు వేరు. కానీ మూడూ ప్లాస్టిక్ బట్టతో చేసినవే, మూడూ తడిని పట్టి ఉంచాల్సినవే. మూడింటిలోనూ ఎక్కువగా కారేది బట్ట మధ్యలో కాదు, అతుకు దగ్గర, అంచు దగ్గర, మూల దగ్గర. సబ్సిడీ పోను మిగతా డబ్బు మీ జేబులోంచి పోతుంది. సరుకు ముట్టిందని, పని బాగుందని సంతకం పెట్టినంక కారితే మళ్లీ తిరగాల్సింది మీరే. అందుకే సంతకానికి ముందు ఏం చూడాలో ఇక్కడ వివరంగా చెబుతున్నాం.

1. ఏ పథకంలో ఏం వస్తుంది?

వర్మీ బెడ్డు: సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ 2014 మార్గదర్శకాల్లో దీని కొలత 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. అంటే 96 ఘనపుటడుగులు. ఆ మార్గదర్శకాల్లో యూనిట్ ధర రూ.16,000గా, అందులో సగం సబ్సిడీగా ఉండేది. బెడ్డు ఐఎస్ 15907:2010 ప్రమాణానికి సరిపోవాలి.

కుంట షీటు: అదే మార్గదర్శకాల్లో సామూహిక కుంటకు వేసే ప్లాస్టిక్ ఫిల్మ్ కనీసం 500 మైక్రాన్ల మందం ఉండాలని ఉండేది. అంటే అర మిల్లీమీటరు. నేత బట్టతో చేసిన కుంట షీటుకు వేరే ప్రమాణం ఉంది, అది ఐఎస్ 15351.

చేపల ట్యాంకు: 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో చిన్న బయోఫ్లాక్ యూనిట్ అంటే 4 మీటర్ల అడ్డకొలత, 1.5 మీటర్ల ఎత్తు ఉన్న 7 ట్యాంకులు. యూనిట్ ధర రూ.7.5 లక్షలు. ఇందులో జనరల్ వారికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సాయం.

గమనిక: ధరలు, శాతాలు, కొలతలు మారుతుంటాయి. ఈ ఏడాది ఎంత ఉందో దరఖాస్తుకు ముందే ఉద్యాన శాఖ, మత్స్య శాఖ కార్యాలయంలో అడిగి రాసుకోండి.

2. ఈ బట్ట ఎట్లా తయారైతది?

సిరిసిల్ల మరమగ్గం మీద పడుగు, పేక కలిసి బట్ట అయినట్టే, వర్మీ బెడ్డు బట్టను కూడా నేస్తారు. నూలుకు బదులు సన్నని ప్లాస్టిక్ పట్టీలు వాడతారు. నేత వల్ల బట్టకు బలం వస్తుంది. కానీ నేత సందుల్లోంచి నీళ్లు పోతాయి. అందుకే పైన ప్లాస్టిక్ పూత వేస్తారు. బలం నేతది, నీళ్లు ఆపేది పూత. ఈ మాట గుర్తుంచుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

కుంటకు వేసే నల్ల ఫిల్మ్‌లో నేత ఉండదు, అది ఒకే మందపు ప్లాస్టిక్. చేపల ట్యాంకుకు ఎక్కువగా పాలిస్టర్ నేత మీద పీవీసీ పూత వేసిన బట్ట వాడతారు.

మీ దగ్గరున్నది ఏ రకమో తెలుసుకోవడానికి చిన్న ఉపాయం ఉంది. గోరంత ముక్క కత్తిరించి, గ్లాసు నీళ్లలో వేసి, వేలితో ముంచి బుడగలు పోగొట్టండి. పైకి తేలితే పాలిథిలిన్ రకం. మునిగితే పీవీసీ రకం. రెండింటి మరమ్మతు వేరువేరు కాబట్టి ఇది తెలిసి ఉండాలి.

3. బరువు ఎవరు మోస్తారు?

మీటరు లోతు నీళ్లు కింద ప్రతి చదరపు మీటరు మీద టన్ను బరువు పెడతాయి. మూడు మీటర్ల కుంట అడుగున అది మూడు టన్నులు. ఏ బట్టా ఆ బరువును ఒంటరిగా మోయలేదు. కుంటలో బరువు మోసేది నేల. చేపల ట్యాంకులో మోసేది చుట్టూ ఉన్న ఇనుప జాలి. 4 మీటర్ల ట్యాంకులో 1.2 మీటర్ల ఎత్తు నింపితే దాదాపు 15,000 లీటర్లు, అంటే 15 టన్నులు.

కాబట్టి బట్ట కింద ఖాళీ ఉండొద్దు. కుంట అడుగున గుంత ఉన్నా, పత్తి మోళ్లు, గులకరాళ్లు ఉన్నా, జాలికి పదునైన తీగ కొసలు ఉన్నా బట్ట అక్కడే సాగుతుంది, అక్కడే చిరుగుతుంది. కుంట వాలు, అడుగు నున్నగా చేసి, మెత్తని జల్లెడ మట్టి పరిచినంకనే షీటు వేయాలి. ట్యాంకు జాలికి, బట్టకు మధ్య మెత్తని షీటు చుట్టాలి. వర్మీ బెడ్డుకు జాలి ఉండదు, పక్కన జేబుల్లో దూర్చిన కర్రలే గోడను నిలబెడతాయి. కర్రలు గట్టిగా పాతకపోతే బెడ్డు ఉబ్బి, బరువంతా కింది అతుకు మీద పడుతుంది.

4. అతుకులు మూడు రకాలు

కుట్టు: సూది దిగిన ప్రతిచోటా పూతకు బొక్క పడుతుంది. దారం ఎంత గట్టిదైనా ఆ బొక్కలోంచి నీరు ఊరుతుంది. వర్మీ బెడ్డులో కర్రల జేబులకు, పై అంచుకు కుట్టు ఉంటే పర్వాలేదు, అక్కడ నీళ్లు నిలవవు. అడుగు అతుకు, కింది మూల మాత్రం కుట్టుతో ఉండొద్దు.

జిగురు: పీవీసీ బట్టకు పీవీసీ జిగురు పడుతుంది. పాలిథిలిన్ మైనంలా జారుడుగా ఉంటుంది. దానికి సైకిల్ ట్యూబు సొల్యూషన్ గానీ, మామూలు జిగురు గానీ పట్టదు. పట్టినట్టు కనిపించినా ఎండి ఊడిపోతుంది.

వేడి అతుకు: నీళ్లు ఆపడానికి సరైనది ఇదే. రెండు అంచులు ఒకదాని మీద ఒకటి వేసి, మధ్యలో వేడి పెట్టి, వెంటనే రోలరుతో నొక్కుతారు. రెండు పూతలు కరిగి ఒకటైపోతాయి. తక్కువ వేడి అయితే పైపైన అంటుకుని తర్వాత విడిపోతుంది. ఎక్కువైతే ప్లాస్టిక్ మాడి పెళుసవుతుంది. దుమ్ము, తడి ఉన్నా పట్టదు. అందుకే అంచులను పొడిబట్టతో తుడిచినంకనే మెషిన్ పెట్టాలి. గాలిదుమారంలో, చినుకుల్లో పని ఆపించాలి. పాలిథిలిన్‌ను, పీవీసీని వేడితో కలిపినా అవి ఒకదానికొకటి అతకవు.

5. కొలత, అతుకు ఎక్కడ పెట్టాలి?

కుంట పైన 20 మీటర్లు ఉందని 20 మీటర్ల షీటు తెస్తే సరిపోదు. లెక్క చూడండి. లోతు 3 మీటర్లు, ప్రతి మీటరు లోతుకు మీటరున్నర వాలు ఉన్న కుంటకు అడుగు 11 మీటర్లు, ఒక్కో వాలు పొడవు 5.4 మీటర్లు. గట్టు మీద కందకంలో పూడ్చడానికి రెండు దిక్కులా మీటరు చొప్పున కలపాలి. మొత్తం దాదాపు 24 మీటర్లు. షీటు చాలకపోతే పనివాళ్లు గుంజి వేస్తారు, లేదా చిన్న ముక్క అతికిస్తారు. రెండూ నష్టమే. తవ్వకం పూర్తయి, వాలు సరిచేసినంకనే టేపు పెట్టి కొలిచి ఆర్డరివ్వండి.

గుర్తుంచుకోవాల్సినవి:

• అతుకులు ఎంత తక్కువుంటే అంత మంచిది. కంపెనీలోనే కొలతకు అతికి తెచ్చిన షీటులో పొలం దగ్గర వేసే అతుకులు తగ్గుతాయి.
• వాలు మీద అతుకు పైనుంచి కిందికి ఉండాలి. అడ్డంగా ఉంటే షీటు బరువంతా అతుకును గుంజుతుంది.
• మూలలో అతుకు రాకుండా చూడాలి. మూలను కత్తిరించి అతికే బదులు మడత పెట్టడం మేలు.
• షీటును బిగువుగా వేయొద్దు. ఆదిలాబాద్ చలి, మన ఎండలు మీకు తెలిసినవే. 20 మీటర్ల పాలిథిలిన్ ఫిల్మ్ 40 డిగ్రీల తేడాకు సుమారు 10 సెంటీమీటర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే సాగి ముడుచుకుంటుంది. బిగువుగా ఉంటే చలిరాత్రి ముడుచుకునేటప్పుడు అతుకే తెగుతుంది. రేగడి నేల ఎండాకాలం పగుళ్లు బారుతుంది కాబట్టి అక్కడ వదులు ఇంకా అవసరం.

6. మీరే చేసుకోగల ఐదు పరీక్షలు

వెలుతురు పరీక్ష: వర్మీ బెడ్డును చీకటి గదిలో పరిచి, ఒక దిక్కు నుంచి ఫోన్ లైటు వేయండి. సూదిమొనంత వెలుగు చుక్క కనబడితే అక్కడ పూత లేదు.

గుంజుడు పరీక్ష: పని మొదలయ్యే ముందు అదే షీటు తునకలు రెండు మెషిన్‌తో అతికించమనండి. చల్లారినంక రెండు చేతులతో విడదీసి చూడండి. అతుకు నిలవాలి, చిరిగితే పక్కన బట్ట చిరగాలి. అతుకు అరటితొక్కలా ఊడొస్తే వేడి సరిచేయాలి. నేత నుంచి పూతే లేచొస్తే బట్టే నాసిరకం.

గాలి పరీక్ష: మంచి మెషిన్ రెండు గీతల అతుకు వేస్తుంది, మధ్యలో సన్నని ఖాళీ దారి ఉంటుంది. దాని రెండు కొసలు మూసి, సూదితో గాలి కొట్టి, మీటరు ముల్లును ఐదు నిమిషాలు చూస్తారు. ముల్లు దిగిపోతే లీకు ఉన్నట్టే. ఈ పరీక్ష చేయమని మీరు అడగొచ్చు.

మొన పరీక్ష: మొద్దుబారిన స్క్రూడ్రైవర్‌ను అతుకు అంచు వెంట మెల్లగా నెట్టుకుంటూ పోండి. ఎక్కడైనా లోపలికి దూరితే అక్కడ అతుకు పట్టలేదు. సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

బకెట్ పరీక్ష: నీళ్లు ఎండకు ఆవిరవుతున్నయా, కారుతున్నయా అని తేల్చేది ఇదే. కుంట పక్కనే ఎండలో ఒక బకెట్ నిండా నీళ్లు పెట్టండి. కుంటలో, బకెట్‌లో నీటి మట్టం గుర్తు పెట్టి, వాన లేని మూడు రోజుల తర్వాత చూడండి. రెండూ దాదాపు ఒకేలా తగ్గితే ఎండే కారణం. కుంట బాగా ఎక్కువ తగ్గితే లీకే. 20 మీటర్ల కుంటలో ఒక్క సెంటీమీటరు అంటే 4,000 లీటర్లు. రోజుకు సెంటీమీటరు కారితే నెలకు లక్ష లీటర్లకు పైనే పోతాయి.

7. లీకు వస్తే?

నీళ్లు తగ్గి తగ్గి ఒక మట్టం దగ్గర ఆగితే, బొక్క ఆ మట్టం దగ్గరే ఉంటుంది. చుట్టూ ఆ గీత వెంట వెతకండి. దొరికినంక ఆరబెట్టి, శుభ్రంగా తుడవాలి. చిరుగు చుట్టూ మూడు అంగుళాలు ఎక్కువ వచ్చేలా అదే రకం బట్ట ముక్క తీసుకుని, మూలలు గుండ్రంగా కత్తిరించాలి. చదరపు మూల ముందుగా లేస్తుంది. పీవీసీ అయితే జిగురుతో, పాలిథిలిన్ అయితే వేడిగాలి మెషిన్‌తో అతికించాలి. మెషిన్ దొరికేదాకా బ్యూటైల్ టేపు వేయొచ్చు, కానీ అది తాత్కాలికమే.

8. రైతులు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: సార్, ఇంట్ల ఉన్న పరదాలు కుట్టించి కుంటల వేస్తే నడుస్తదా?
జవాబు: నడవదు. పరదా వానను జారవిడిచేదే గాని, నిలిచిన నీళ్లను ఆపేది కాదు. కుట్టు బొక్కలన్నీ కారుతయి.

ప్రశ్న: మేడం, నీళ్లు లేనప్పుడు షీటు ఎండుతది, ఏం కాదా?
జవాబు: ఎండే ప్లాస్టిక్‌కు పెద్ద శత్రువు. అడుగున కొంచెం నీళ్లుంచండి. గట్టు అంచును మట్టితో కప్పండి. వర్మీ బెడ్డును నీడలోనే పెట్టండి.

ప్రశ్న: పనాయన సంతకం పెట్టు, నీళ్లు నింపినంక చూద్దామంటున్నడు. ఏం చేయాలె?
జవాబు: నింపి చూసినంకనే సంతకం పెడతానని చెప్పండి. చెప్పడం మీ హక్కు.

9. సంతకానికి ముందు చూసుకోండి

☐ బిల్లు మీద ఐఎస్ నంబరు, మందం, కొలత, తేదీ ఉన్నాయి
☐ గ్యారంటీ ఎన్నేళ్లో, అతుకుకు కూడా వర్తిస్తుందో కాగితం మీద ఉంది
☐ అడుగున కుట్టు లేదు
☐ మూలలు, పైపు దగ్గర అతుకు చూశాను
☐ నీళ్లు నింపి మూడు రోజులు చూశాను
☐ అతుకుల ఫోటోలు తేదీతో ఫోన్‌లో ఉన్నాయి
☐ కుంట చుట్టూ కంచె ఉంది, ముడులు వేసిన తాడు లోపలికి వేలాడుతోంది

చివరిది మరవొద్దు. ప్లాస్టిక్ షీటు తడిస్తే పాకురు బట్టినట్టు జారుతుంది. పిల్లలు గానీ, పశువులు గానీ పడితే పైకి రాలేరు. తాడు, కంచె లేని కుంటలో నీళ్లు నింపొద్దు.

10. ఎవరిని అడగాలి?

ముందు మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారిని, లేదా ఉద్యాన అధికారిని, చేపల ట్యాంకు అయితే మత్స్య శాఖ వారిని రాతపూర్వకంగా అడగండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో దరఖాస్తు ఇవ్వండి. సలహాకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551. అమ్మినవారు గ్యారంటీ మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఈ రెండింటికీ ఫోన్ చేసేటప్పుడు బిల్లు, ఫోటోలు దగ్గర పెట్టుకోండి.