ఇంటి వైర్‌లెస్ రూటరు – ఎంపిక, సంరక్షణ

ఇల్లు కట్టుకొనే గృహస్థు తలుపునకు మంచి కలప వెదకుతాడు, గడియ బిగింపిస్తాడు, తాళపుచెవి ఎవరి చేత ఉండవలెనో నిర్ణయిస్తాడు. కాని నేటి గృహాలకు కంటికి కానరాని మరొక ద్వారం కూడ ఏర్పడినది. అదియే వైర్‌లెస్ రూటరు. పరీక్ష రుసుము చెల్లించుట, విద్యార్థివేతనమునకు దరఖాస్తు చేయుట, బ్యాంకు లావాదేవీలు, గల్ఫ్ దేశాలలో ఉన్న ఆత్మీయులతో సంభాషణ — ఇవన్నియు ఆ ద్వారం గుండా సాగుతున్నవి. అయినను, కనెక్షను ఇచ్చుటకు వచ్చిన ఉద్యోగి పది నిమిషాలలో అమర్చి వెళ్ళిన ఆ పెట్టెను ఆ తరువాత ఏళ్ళ తరబడి తాకువారు అరుదు.

రూటరును ఎట్లు ఎన్నుకొనవలెను? ఎట్లు కాపాడుకొనవలెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం ఇచ్చుటయే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. మొదట ఒక మాట చెప్పదలచినాము. రూటరుకు ధర పెట్టి కొనవలసిన గుణాలు కొన్ని కలవు. కాని దానికి కావలసిన రక్షణలో అధికభాగం పైసా ఖర్చు లేకుండ మన చేతులతో మనము చేసికొనవలసినదే.

రూటరు చేయు పని

వీధిలోని ఫైబరు తీగ నుండి వచ్చిన సమాచారాన్ని ఇంటిలోని ఫోనులకు, కంప్యూటర్లకు పంచిపెట్టుట రూటరు పని. కొన్ని ఇళ్ళలో కాంతి సంకేతాలను స్వీకరించు పరికరము, రూటరు వేరువేరుగా ఉంటవి. కొన్నింట రెండును ఒకే పెట్టెలో ఇమిడి ఉంటవి. ఈ పంపకం రేడియో తరంగాల ద్వారా జరుగుతుంది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండ వాడుకొనుటకు ప్రభుత్వం 2005లో అనుమతించినది. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో మరింత విస్తృతమైన భాగాన్ని 2018లో విడుదల చేసినది.

మొదటి పట్టీ తరంగాలు గోడలను దాటి దూరం పోగలవు. కాని వేగం తక్కువ. పైగా మైక్రోవేవ్ పొయ్యి, బ్లూటూత్ పరికరాలు, పొరుగువారి రూటర్లు అన్నియు అందులోనే గుమిగూడుతవి. రెండవ పట్టీ వేగం ఎక్కువ; గోడ అడ్డు వచ్చిన కొలది బలం తగ్గును. పట్టీ ఏదైనను తరంగానికి ఇంటి హద్దు తెలియదు. మన గదిలో అందునది మెట్లపైన, వీధి అరుగుపైన కూడ అందును. రక్షణ అవసరం ఇచ్చటనే పుట్టుచున్నది.

నిర్లక్ష్య ఫలితం

2008 జూలై 26న అహ్మదాబాదులో వరుస పేలుళ్ళు జరిగినవి. అందుకు కొద్ది నిమిషాల ముందు వార్తాసంస్థలకు ఒక ఈ-మెయిల్ అందినది. అది నవీ ముంబయిలోని ఒక ఇంటి ఇంటర్నెట్ చిరునామా నుండి వచ్చినట్లు పోలీసులు గుర్తించారు. ఆ ఇంటి వైర్‌లెస్‌కు రక్షణ లేకపోవుటచే బయటివారు దానిని వాడుకొన్నారని దర్యాప్తులో తేలినది. కాని ఈలోపుగా, ఆ ఇంట నివసించువారు తాము చేయని పనికి సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చినది. మరుసటి సంవత్సరం కేంద్ర టెలికాం శాఖ వై-ఫై భద్రతను గూర్చి ఇంటర్నెట్ సంస్థలకు ఆదేశాలు జారీచేసినది. బయటకు కనిపించు చిరునామా కనెక్షను గలవారిదే గనుక, అనుమానపు తొలి చూపు వారి గడపపైననే పడునని గ్రహించవలెను.

ఇంకొక ఉదాహరణ. 2016లో ‘మిరాయ్’ అను దుష్ట ప్రోగ్రాము లక్షలాది కెమెరాలను, రూటర్లను వశం చేసికొన్నది. అది ప్రయోగించిన ఉపాయం అతి సామాన్యమైనది. కర్మాగారంలో పెట్టిన వాడుకరి పేరు, పాస్‌వర్డు జంటలను సుమారు అరవైని మాత్రమే వరుసగా ప్రయత్నించినది. యజమానులు వాటిని మార్చకపోవుటయే దాని బలం. ఆ సంవత్సరం అక్టోబరు 21న ఆ పరికరాలన్నియు కలసి చేసిన దాడి వలన అమెరికాలో అనేక ప్రముఖ వెబ్‌సైట్లు గంటల తరబడి అందకుండ పోయినవి.

ఎంపికలో గమనించవలసినవి

అంగడిలో యాంటెనాల సంఖ్యను చూచి మురిసిపోరాదు. ఈ క్రింది అంశాలను పరిశీలించవలెను.

మొదటిది, తరము. వై-ఫై ప్రమాణం 1997లో సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో ప్రారంభమైనది. సామాన్యులకు తెలియుటకై 2018 నుండి తరములకు అంకెలు పెట్టినారు. నేడు కొత్తగా కొనువారు వై-ఫై 6 తీసికొనుట ఉచితం. వై-ఫై 7 కూడ అంగడిలో ఉన్నది. కాని దానిని అందుకొనగల ఫోనులు ఇంటిలో లేనప్పుడు ఆ అదనపు ఖర్చు వృథా.

రెండవది, వేగపు లెక్క. పెట్టెపై 1200 అని ఉన్నచో అది రెండు పట్టీల వేగాలను కూడగా వచ్చిన మొత్తమే. ఏ ఒక్క పరికరానికిని అంత అందదు. అంతకన్న ముఖ్యంగా తీగ పెట్టు రంధ్రాల వేగాన్ని అడిగి తెలిసికొనవలెను. 200 మెగాబిట్ల కనెక్షనుకు 100 మెగాబిట్ల రంధ్రం గల రూటరు కొన్నచో నెలనెలా చెల్లించు రుసుములో సగం నిరుపయోగం.

మూడవది, మరమ్మతు. అన్నింటికంటె ముఖ్యమైనది ఇదే. రూటరు లోపల ‘ఫర్మ్‌వేర్’ అను ప్రోగ్రాము ఉండును. అందులో లోపాలు బయటపడినప్పుడు తయారీదారు సవరణను పంపవలెను. 2017లో బెల్జియం పరిశోధకులు ‘క్రాక్’ అను లోపాన్ని వెల్లడించినప్పుడు, సవరణ అందిన పరికరాలు బాగుపడినవి. అందని పాతవి అట్లే మిగిలినవి. ఎంతకాలం సవరణలు ఇచ్చునో చెప్పని సంస్థ రూటరు చవుకగా వచ్చినను మానుకొనుట మేలు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుండి ఈ గడువును కొనుగోలుదారునకు తెలుపుట చట్టప్రకారం తప్పనిసరి అయినది.

కొన్న పిమ్మట స్థానమును గూర్చి ఒక మాట. రూటరును ఇంటి నడుమ, ఎత్తుగా ఉంచవలెను. ఇనుప బీరువా వెనుక, నీటి తొట్టి ప్రక్కన ఉంచరాదు. పాతబస్తీ ఇళ్ళలోని మందమైన రాతి, సున్నపు గోడలను 5 గిగాహెర్ట్జ్ తరంగం దాటుట కష్టం. అట్టిచోట ఖరీదైన రూటరు కన్న, రెండవ గదికి తీగ లాగి చిన్న పరికరాన్ని పెట్టుటయే ఉత్తమం.

తాళముల చరిత్ర

తొలి తాళము డబ్ల్యూ.ఇ.పి. అను పద్ధతి. 2001 నాటికే ముగ్గురు శాస్త్రజ్ఞులు దాని బలహీనతను నిరూపించారు. తాత్కాలికంగా 2003లో డబ్ల్యూ.పి.ఏ., 2004లో దృఢమైన డబ్ల్యూ.పి.ఏ.-2, 2018లో డబ్ల్యూ.పి.ఏ.-3 వచ్చినవి. చివరి రెండింటిలో ఏదో ఒకటి తప్ప వేరొకటి వాడరాదు.

డబ్ల్యూ.పి.ఏ.-2కు పాస్‌వర్డే ప్రాణం. ఫోను రూటరుతో కలియు క్షణంలో జరుగు సంకేతాల మార్పిడిని బయటివాడు పట్టుకొని, తన ఇంటికి పోయి తీరికగా పాస్‌వర్డులను ఊహించుచు సరిచూచుకొనగలడు. శక్తిమంతమైన ఒక గ్రాఫిక్ కార్డు సెకనుకు సుమారు 10 లక్షల ఊహలను పరీక్షించగలదు. మనలో పలువురు మొబైల్ నంబరునే పాస్‌వర్డుగా పెట్టుకొనుట చూస్తున్నాము. 6 నుండి 9 వరకు గల అంకెలతో మొదలగు పదంకెల నంబర్లు మొత్తం 400 కోట్లు. వాటినన్నింటిని పరీక్షించుటకు పట్టు సమయం 4,000 సెకనులు. అనగా గంటకు కొంచెం పైన!

మన కళాశాల విద్యార్థులకు ఇచ్చట ఒక సౌకర్యం ఉన్నది. తెలుగు పదాలు రెండువేలు, ఉర్దూ పదాలు రెండువేలు గల పట్టిక నుండి చీటీలు తీసినట్లుగా అయిదు పదాలను ఎన్నుకొని, ఆంగ్ల లిపిలో వరుసగా వ్రాసినామనుకొనుడు. ‘నిచ్చెన చిరాగ్ గుమ్మడి దరియా పలక’ — ఇట్టిది. ఈ రీతిని ఏర్పడగల వరుసలన్నింటిని ఆ కార్డు పరీక్షించుటకు ముప్పది రెండువేల సంవత్సరాలు పట్టును. వెయ్యి కార్డులు కూడినను ముప్పది రెండేళ్ళు. అర్థముతో ముడిపడిన సామెత గాని పాట పల్లవి గాని పనికిరాదు. పదాలకు పరస్పర సంబంధం లేకపోవుటయే బలం. అచ్చులో వచ్చినది గనుక పై ఉదాహరణ కూడ వాడరాదు.

చేయవలసిన పనులు

1. ఫోనులో లేక కంప్యూటరులో 192.168.1.1 లేక 192.168.0.1 అను చిరునామా తెరచినచో సాధారణంగా రూటరు సెట్టింగుల పుట వచ్చును. సరియైన చిరునామా పెట్టె అడుగున ఉన్న చీటీపై ఉండును. అక్కడి అడ్మిన్ పాస్‌వర్డును మొట్టమొదట మార్చవలెను. ఇది వై-ఫై పాస్‌వర్డు కన్న వేరుగా ఉండవలెను.

2. నెట్‌వర్కు పేరు మార్చవలెను. అందులో ఇంటి పేరు, ఫ్లాటు నంబరు వద్దు.

3. డబ్ల్యూ.పి.ఎస్. అను సదుపాయాన్ని ఆపివేయవలెను. దాని ఎనిమిదంకెల పిన్‌ను రూటరు రెండు ముక్కలుగా సరిచూచును. చివరి అంకె మిగిలినవాటి నుండి లెక్కించదగినది. అందుచే 11,000 ప్రయత్నాలు చాలునని 2011లో బయటపడినది.

4. బయటి నుండి రూటరును నడపు ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ను మూసివేయవలెను.

5. అప్‌డేటు తనంతట తాను జరుగునట్లు పెట్టవలెను. ఆ వీలు లేనిచో మూడు నెలలకొకసారి చూడవలెను.

6. ‘గెస్ట్ నెట్‌వర్కు’ తెరచి అతిథులకు అదే ఇవ్వవలెను. టీవీలు, కెమెరాలు కూడ అందులోనే ఉంచుట మంచిది.

నెట్‌వర్కు పేరును దాచుట వలన పెద్ద ప్రయోజనం లేదు. మన ఫోనులు దానిని పిలుచునప్పుడు ఆ పేరు గాలిలో వినబడుచునే ఉండును.

పొరుగింటి పిల్లవాడు పరీక్ష ఫలితం చూచుకొనుటకు వై-ఫై అడిగినచో కాదనుట మన బస్తీల సంప్రదాయం కాదు. అతిథి నెట్‌వర్కు ఉన్నచో కాదనవలసిన అవసరమూ లేదు. పని తీరిన పిదప దాని పాస్‌వర్డు మార్చిన చాలును. ఔదార్యానికి, జాగ్రత్తకు విరోధం లేదు.

ఉపసంహారం

ఇంత చేసినను రూటరు సర్వరక్షకం కాదు. ఓ.టి.పి.ని అపరిచితునకు తానే చెప్పు వానిని ఏ తాళమూ కాపాడలేదు. కాని గడియ లేని తలుపు పెట్టుకొని దొంగను నిందించుట వివేకం అనిపించుకొనదు. పై ఆరు పనులకు గంట సమయం చాలును. ఇంటిలో ఈ విద్య తెలిసినవారు తరచుగా విద్యార్థులే. కావున ఈ సెలవులలో మన ఇంటి రూటరును, ఆ తరువాత అమ్మమ్మగారి ఇంటి రూటరును, నానీమా ఇంటి రూటరును సరిచేయుదము గాక. కళాశాల కార్యవర్గం వారు సంవత్సరారంభమున ఒక మధ్యాహ్నం ఈ పనికై శిక్షణ ఏర్పాటు చేసినచో, ఒక్కొక్క విద్యార్థి ద్వారా ఒక్కొక్క ఇల్లు సురక్షితమగునని మా విశ్వాసం.