పోటీకి ఛాయాచిత్రము: తీయుట, దిద్దుట

పల్నాటి సీమలో ఛాయాచిత్రమునకు వస్తువు కొదువ లేదు. మాచర్ల చెంతనున్న ఎత్తిపోతల జలపాతము, కారెంపూడి వీరుల ఉత్సవములు, మహాశివరాత్రి నాటి కోటప్పకొండ ప్రభలు, మిరపకాయలు ఆరబోసిన కల్లములు మన కన్నుల యెదుటనే యున్నవి. నేడు చేతిలోని ఫోను సైతము కెమేరాయే. కావున ఛాయాచిత్ర సంఘములు జరుపు పోటీలలో పాల్గొనుటకు గ్రామ యువజనులు వెనుదీయ నక్కరలేదు. అయితే మంచి చిత్రము తీయుట ఒక ఎత్తు; దానిని నియమము తప్పక దిద్దుట మఱియొక ఎత్తు.

వెలుగును గుర్తెఱుగుట

మిట్టమధ్యాహ్నపు ఎండలో తీసినచో కల్లమున పనిచేయువారి కన్నుల క్రింద నల్లని నీడలు పడును. ఉదయ సాయంకాలముల ఏటవాలు వెలుగులో కాయకాయయు వేఱుగా తెలియును. ముఖములు తీయుటకు ముందు వారి అనుమతి పొందవలెను. కూలివారి శ్రమ మన బహుమతికి సాధనము మాత్రమే కారాదు.

ప్రభలను చీకటి పూర్తిగా పడిన పిదప తీసినచో దీపములు తెల్లని మచ్చలగును. జనము చీకటిలో కలిసిపోవును. ఆకాశమున ఇంకను నీలిమ యున్న సంధ్యవేళయే తగిన సమయము. ఫోను తెరపై దీపములున్న చోట వ్రేలితో తాకి, వెలుగును కొంచెము తగ్గింపవలెను. చీకటైన భాగమును తరువాత కొంతవరకు తేటపఱుపవచ్చును గాని, పూర్తిగా తెల్లబడిన చోట పోయిన వివరము తిరిగి రాదు.

దిద్దుబాటు

మూలచిత్రమును వేఱుగా భద్రపఱచి, నకలు మీదనే పని చేయవలెను. మొదట వాలిన దిగంతరేఖను సరిచేసి, అనవసరమైన అంచులను కత్తిరింపవలెను. పిదప వెలుగునీడలను, అటుపై రంగులను సవరింపవలెను. పదును పెట్టుట చివరి పని. ఎఱుపును మితిమీరి పెంచినచో మిరపకాయల ముడుతలు మాసి, కల్లమంతయు ఒకే ఎఱ్ఱని ముద్దగా కనబడును.

హద్దు ఎచ్చట?

2010లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో బహుమతి పొందిన స్తెపాన్ రూదిక్, తన చిత్రమునుండి ఒక పాదపు భాగమును తుడిచివేసినట్లు మూలచిత్రముతో పోల్చగా తేలినది. బహుమతి రద్దయినది. ప్రభ వెనుకనున్న కరెంటు తీగను తుడిచివేయుటయు వార్తాచిత్ర విభాగమున ఇట్టి తప్పే యగును.

ప్రకృతి విభాగమునకు ఫియాప్, అమెరికా ఫొటోగ్రాఫిక్ సొసైటీ, బ్రిటనులోని రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ 2014లో ఉమ్మడి నిర్వచనమును అంగీకరించినవి. దాని ప్రకారము పెంపుడు జంతువుల చిత్రములు చెల్లవు. చిత్రమున ఏదియు చేర్చరాదు. కత్తిరింపు వలన తప్ప ఏదియు తీసివేయరాదు. పలు చిత్రములను కలిపి కూర్చుట కల్పనా విభాగమునకే చెందినది. అచ్చట కూడ అన్నియు స్వయముగా తీసినవై యుండుట న్యాయము.

కావున కెమేరా పట్టుటకు ముందే నియమావళిని చదువవలెను. న్యాయనిర్ణేతలు కోరినపుడు చూపుటకు మూలచిత్రమును దాచియుంచవలెను. బహుమతి వచ్చినను రాకున్నను, నేటి కల్లము చిత్రము రేపటి తరమునకు పల్నాటి బ్రతుకును గూర్చిన సాక్ష్యము. సాక్ష్యము నిజమై యుండుటయే దాని విలువ.