బడిలో బిడ్డ ఆరోగ్యము: తలిదండ్రుల హక్కులు, విధులు

"మా బిడ్డ చదువు బడిలో నర్సు లేదు, అచ్చట బిడ్డకు జబ్బు చేసినచో బాధ్యత వహింపవలసినవారెవ్వరు?" అని అడుగు తలిదండ్రులు పెక్కుమంది కలరు. ఈ ప్రశ్నకు ఒక్క చట్టమును చూపి ఒక్క వాక్యమున ప్రత్యుత్తరమొసగుట సాధ్యము కాదు. ఏలయన, ప్రతి పాఠశాలయందును నర్సు ఉండితీరవలెనని దేశమంతటికిని వర్తించునట్లు శాసించిన చట్టమేదియు మనకు లేదు. అయినను విద్యాహక్కు చట్టము, దివ్యాంగుల హక్కుల చట్టము, బాలల న్యాయ చట్టము మొదలగునవి ఆ బాధ్యతను తునకలుగా పంచి, ప్రభుత్వముపైనను, పాఠశాలపైనను, తలిదండ్రులపైనను ఉంచినవి. ఆ తునకలను గుర్తించి, తమ కోరికను నోటిమాటతో సరిపెట్టక వ్రాతమూలకముగా తెలుపు తలిదండ్రులకే వానివలన ఫలము చేకూరును.

బడిపిల్లల ఆరోగ్యపరీక్ష మన దేశమునకు క్రొత్త విషయము కాదు. 1909వ సంవత్సరముననే బరోడా నగరమున విద్యార్థులకు వైద్యపరీక్షలు ఆరంభమైనవి. 1960లో రేణుకా రే అధ్యక్షతన ఏర్పడిన సంఘము పాఠశాలారోగ్యమును గూర్చి విచారించి, మరుసటియేట నివేదిక సమర్పించినది. నేడు ఈ విషయమున ప్రధానముగా చెప్పదగినది 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము. పుట్టుక మొదలు పదునెనిమిదేండ్ల వరకు గల పిల్లలలో జన్మతః వచ్చిన లోపములను, వ్యాధులను, పోషకాహార లోపములను, ఎదుగుదలలోని జాప్యములను ముందుగానే కనిపెట్టుట దీని ఉద్దేశము. సంచార వైద్యబృందము అంగన్‌వాడీలకు ఏటికి రెండుమారులును, ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకు ఏటికొకమారును వచ్చి పిల్లలను పరీక్షింపవలెను. లోపము కనబడిన బిడ్డను తగిన ఆసుపత్రికి పంపి, అవసరమగుచో శస్త్రచికిత్సతో సహా ఉచితముగా వైద్యము చేయించుటయు ఇందలి భాగమే. కావున "ఈ యేడు బృందము వచ్చినదా? మా బిడ్డ కార్డులో ఏమి వ్రాసినారు?" అని ప్రధానోపాధ్యాయుని అడుగుటకు తలిదండ్రులు సంకోచింపనక్కరలేదు. ప్రభుత్వ పాఠశాలలో సమాధానము లభింపనిచో సమాచారహక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టవచ్చును. సామాన్యముగా ముప్పది దినములలో ప్రత్యుత్తరమీయవలెను.

ఇక బడిలో ఇచ్చు మాత్రల సంగతి. ఫిబ్రవరి 10వ తేదీన నులిపురుగుల నివారణకు ఆల్బెండజోల్ మాత్రలును, వారమునకొకమారు రక్తహీనత నివారణకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రలును పిల్లలకిచ్చుట ప్రభుత్వ కార్యక్రమములలోనివే. ఇవి మేలు చేయునవే యైనను, తలిదండ్రులకు తెలుపకయే ఏ మందునైనను, ఏ టీకానైనను ఇచ్చుటకు పాఠశాలకు అధికారము కలదా యను ప్రశ్న ఒకప్పుడు న్యాయస్థానము వరకు పోయినది. తట్టు, రుబెల్లా టీకాల విషయమున ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము 2019 జనవరిలో తీర్పు చెప్పుచు, తలిదండ్రుల సమ్మతి ఆవశ్యకమని నిర్ణయించినది. సమ్మతిపత్రము తిరిగి రానిచో ఉపాధ్యాయుడు ఫోనులో అడిగి, వారి నిర్ణయమును నమోదు చేయవలెననియు, ఎంత యత్నించినను వారు దొరకనప్పుడు మాత్రమే, టీకాను గూర్చిన సమాచారము పూర్తిగా పంపియుండినచో, సమ్మతి ఉన్నట్లు భావింపవచ్చుననియు వివరించినది. ఆ తీర్పు ఢిల్లీకి వెలుపల శిరోధార్యము కాకున్నను, ఇతర రాష్ట్రముల న్యాయస్థానములలో ఆధారముగా చూపదగినది. దీనినిబట్టి తలిదండ్రులు గ్రహింపవలసినదేమనగా, బడినుండి వచ్చిన చీటీని సంచిలోనే వదలిపెట్టుట మంచిది కాదు. సమ్మతించినను, నిరాకరించినను, బిడ్డకు పడని మందు ఏదైన ఉన్నను, ఆ సంగతి వ్రాసి తిరిగి పంపవలెను.

దీర్ఘవ్యాధిగల బిడ్డ విషయమున చట్టము మరికొంత దృఢముగా పలికినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 వైకల్యములలో తలసేమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ వ్యాధి కూడ కలవు. ప్రభుత్వ నిధులు గాని గుర్తింపు గాని పొందిన పాఠశాలలు అట్టి పిల్లలను వివక్ష లేక చేర్చుకొని, వారికి తగిన సౌకర్యములు కల్పింపవలెను. హెచ్.ఐ.వి. ఉన్నదను కారణమున చదువు నిరాకరించుటను 2017 నాటి చట్టము నిషేధించినది. మధుమేహము, ఉబ్బసము వంటివి ఆ 21 వైకల్యముల పట్టికలో లేకున్నను, ప్రాథమిక విద్య, అనగా ఎనిమిదవ తరగతి, ముగియువరకు ఏ బిడ్డను బడినుండి తొలగింపరాదని విద్యాహక్కు చట్టము 16వ సెక్షను శాసించుచున్నది. మధుమేహముగల విద్యార్థులు పరీక్షశాలకు చక్కెర బిళ్లలు, పండ్లు, నీరు తీసికొనిపోవుటకు సి.బి.ఎస్.ఇ. 2017లోనే అనుమతించినది.

ఆకస్మికముగా ఆపద వచ్చినచో? తలిదండ్రులు అందుబాటులో లేనప్పుడు, బిడ్డ మేలు కొరకు సద్భావముతో చేసిన సహాయము నేరము కాదని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షను ఉపాధ్యాయునికి రక్షణ కల్పించుచున్నది. ఆసుపత్రులు ప్రభుత్వమువైనను, ప్రైవేటువైనను, ప్రాణాపాయస్థితిలో నున్నవానికి తక్షణ చికిత్స చేయవలసినదే యని సర్వోన్నత న్యాయస్థానము పరమానంద కటారా వ్యాజ్యమున 1989లో స్పష్టపరచినది. కావున "తండ్రి వచ్చు వరకు ఆగితిమి" యను సాకు చెల్లదు. 108కు ఫోను చేయుటయే మొదటి కర్తవ్యము. బాధ్యత వహించినవారు బుద్ధిపూర్వకముగా ఉపేక్షించి, బిడ్డను అనవసరమైన బాధకు గురిచేసినచో, బాలల న్యాయ చట్టము 75వ సెక్షను క్రింద శిక్షార్హులగుదురు. ఆ బిడ్డ సంరక్షణ అప్పగింపబడిన సంస్థ ఉద్యోగులకైనచో అది అయిదేండ్ల కఠిన కారాగారము వరకును, అయిదు లక్షల రూపాయల జరిమానా వరకును ఉండవచ్చును. అయితే ప్రతి పొరపాటును నేరమని యెంచి పోలీసుఠాణాకు పరుగెత్తుట వివేకము కాదు.

మొదట ప్రధానోపాధ్యాయునికి అర్జీ వ్రాసి, రసీదు తీసికొనవలెను. ప్రభుత్వ, ఎయిడెడ్ బడులలో సభ్యులలో ముప్పాతికమంది తలిదండ్రులుగా నుండు పాఠశాల యాజమాన్య సంఘము ఎదుట విషయమునుంచవలెను. త్రాగునీరు, మరుగుదొడ్లు, శారీరక దండన వంటి విద్యాహక్కు విషయములలో, 32వ సెక్షను ప్రకారము స్థానికాధికార సంస్థకు ఫిర్యాదు చేసినచో, అది మూడు మాసములలో నిర్ణయము చెప్పవలెను. ఆ నిర్ణయము తృప్తికరముగా లేనిచో రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషనుకు అప్పీలు కలదు. వకీలును పెట్టుకొను స్తోమత లేదని వెనుదీయనక్కరలేదు: స్త్రీలకును, బాలలకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము లభించును, అందులకు 15100 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

హక్కులతోపాటు విధులును కలవు. జ్వరమున్న బిడ్డను హాజరు కొరకు బడికి పంపుట, ఆటలమ్మ పొక్కులు పక్కు కట్టకమునుపే తరగతిలో కూర్చుండబెట్టుట, మూర్ఛవ్యాధిని అపకీర్తి యనుకొని దాచుట — ఇవి తన బిడ్డకును, పరుల బిడ్డలకును కీడు చేయు పనులు. తెలుపని వ్యాధికి జాగ్రత్త తీసికొనలేదని బడిని నిలదీయుట న్యాయస్థానమున నిలువదు. జూన్ మాసమున బడులు తెరచినప్పుడే, బిడ్డకుగల వ్యాధిని, పడని మందులను, వైద్యుని చీటీ ప్రకారము వేయవలసిన మందు మోతాదును, వేళను, ఆపదలో పిలువవలసిన రెండు ఫోను సంఖ్యలను ఒక కాగితముపై వ్రాసి, తరగతి ఉపాధ్యాయునికి ఒక ప్రతి యిచ్చి, రెండవ ప్రతిపై సంతకమును, తేదీని వేయించుకొని ఇంట భద్రపరచవలెను. రేపు వివాదము వచ్చినచో, ఎవరు ఏమి యెరుగుదురో, ఎప్పటినుండి యెరుగుదురో తేల్చునది ఆ రెండవ ప్రతియే.